గుండెనొప్పికి మాత్రా, స్టెంటా, బైపాసా?
అందరికీ ఒకే చికిత్స తగదు. ఏ దశలో ఏది అవసరమో తెలుసుకుంటే ప్రాణానికీ, జేబుకూ రక్షణ

విశాఖపట్నం: సింహాచలం మెట్లదారిలో సగం దూరం ఎక్కేసరికి ఛాతీ మధ్యలో ఎవరో బరువు పెట్టినట్లు అనిపిస్తుంది. మెట్టు మీద కాసేపు కూర్చోగానే తగ్గిపోతుంది. ‘గ్యాస్ పట్టింది’ అనుకుని ఓ సోడా తాగి మళ్లీ ఎక్కడం మొదలుపెడతారు. షిఫ్టుకు వేళయిందని వడివడిగా సైకిల్ తొక్కే ఉక్కు కార్మికుడికి, చేపలరేవులో తడిసిన వలలు భుజానికెత్తుకునే మత్స్యకారుడికి, బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వచ్చే విశ్రాంత ఉద్యోగికి ఇదే అనుభవం ఎదురుకావచ్చు. శ్రమపడితే వచ్చి, విశ్రమిస్తే పోయే ఈ నొప్పిని వైద్య పరిభాషలో ‘ఆంజైనా’ అంటారు. ఇది గుండెపోటు కాదు. అయితే గుండెపోటు రావచ్చని గుండె ముందుగా పంపే హెచ్చరిక.

ఈ హెచ్చరికను పెడచెవిన పెట్టేవారు కొందరైతే, వినీ వినగానే బెదిరిపోయి ఉన్న బంగారం కుదువపెట్టి ఆపరేషన్‌కు పరుగులు తీసేవారు మరికొందరు. రెండూ నష్టదాయకమే. మందులతో అదుపులో ఉండే నొప్పి ఏది, స్టెంట్ అవసరమయ్యేది ఎప్పుడు, బైపాస్ శస్త్రచికిత్స తప్పనిది ఎవరికి అన్న విషయాలపై అవగాహన ఉంటే రోగి, కుటుంబ సభ్యులు వైద్యుడితో కలసి సరైన నిర్ణయం తీసుకోగలుగుతారు.

నొప్పి ఎందుకు వస్తుంది?

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. శరీరమంతటికీ రక్తాన్ని పంపే ఈ కండరానికి కూడా ప్రాణవాయువు కావాలి. దాన్ని అందించేవి గుండె ఉపరితలంపై అల్లుకుని ఉండే హృద్ధమనులు. ఇవి మూడు, నాలుగు మిల్లీమీటర్ల వ్యాసం గల సన్నని గొట్టాలు. పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్ వంటి కారణాల వల్ల ఏళ్ల తరబడి వీటి గోడల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. దీన్నే వాడుకలో పూడిక అంటున్నాం.

విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ ఇరుకు దారి నుంచి వచ్చే రక్తం సరిపోతుంది. మెట్లెక్కినా, బరువు మోసినా, కోపం వచ్చినా, కడుపునిండా తిని నడిచినా గుండె వేగం పెరిగి అదనపు రక్తం అవసరమవుతుంది. ఆ అవసరం తీరకపోతే కండరం నొప్పి రూపంలో మొరపెట్టుకుంటుంది. సాధారణంగా పూడిక 70 శాతం దాటినప్పుడు ఈ లక్షణాలు కనిపిస్తాయి. కాబట్టి ఆంజైనా చికిత్సలన్నింటి వెనుకా ఉన్న సూత్రం ఒక్కటే: గుండెకు రక్తం సరఫరా పెంచడం, లేదా గుండె పని భారం తగ్గించడం.

కొందరిలో, ప్రధానంగా మహిళల్లో, మధుమేహ రోగుల్లో పెద్ద ధమనులు బాగానే ఉన్నా, కంటికి కనిపించని సూక్ష్మ రక్తనాళాలు సరిగా వ్యాకోచించక నొప్పి వస్తుంది. యాంజియోగ్రాంలో పూడిక లేదు కాబట్టి ఇది ఉత్త భయమేనని ఇంట్లోవారు కొట్టిపారేయడం తగదు. దీనికీ మందులున్నాయి.

గ్యాస్ అనుకుంటే ముప్పే

ఆంజైనా నొప్పి సూదితో గుచ్చినట్లు ఉండదు. బిగించి పట్టేసినట్లు, బరువు మోపినట్లు, మంట పుట్టినట్లు ఉంటుంది. ఛాతీ మధ్యలో మొదలై ఎడమ చేతికి, మెడకు, దవడకు, వీపుకు పాకవచ్చు. పైపొట్టలోనూ రావచ్చు. అందుకే దాన్ని గ్యాస్‌గా పొరబడుతుంటారు. వాము నమిలాక, సోడా తాగాక తేనుపు వచ్చి నొప్పి తగ్గినట్లనిపించినా, నిజానికి దాన్ని తగ్గించింది ఆ పది నిమిషాల విశ్రాంతే కావచ్చు. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే అసౌకర్యం ఏదైనా సరే, అది పొట్టలో ఉన్నా, దవడలో ఉన్నా గుండెకు సంబంధించినదేమోనని ముందుగా అనుమానించాలి. మధుమేహం ఉన్నవారిలో, వృద్ధుల్లో, మహిళల్లో అసలు నొప్పే లేకుండా ఆయాసం, చెమట, నీరసం మాత్రమే కనిపించవచ్చు.

నిలకడగా ఉన్న నొప్పికి, ప్రమాదకరమైన నొప్పికి తేడా తెలుసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. నెలల తరబడి ఒకే మోతాదు శ్రమకు వచ్చి, కొద్ది నిమిషాల విశ్రాంతితో పోతుంటే అది నిలకడ ఆంజైనా. మొన్నటిదాకా రెండు అంతస్తులు ఎక్కితే వచ్చిన నొప్పి ఇప్పుడు పది అడుగులకే వస్తున్నా, కూర్చున్నప్పుడో, నిద్రలోనో వచ్చినా, కొత్తగా మొదలై రోజురోజుకూ పెరుగుతున్నా అది అస్థిర ఆంజైనా. అప్పుడు వచ్చే వారం వైద్యుడికి చూపిద్దామని వాయిదా వేయరాదు. అదే రోజు ఆస్పత్రిలో చేరాలి. ధమని గోడలోని కొవ్వు పొర చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టడం మొదలైందనడానికి అది సూచన. ఆ గడ్డ దారిని పూర్తిగా మూసేస్తే గుండెపోటే.

విశ్రాంతి తీసుకున్నా, మాత్ర పెట్టుకున్నా 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. రోగిని నడిపించకూడదు. ద్విచక్ర వాహనంపై కూర్చోబెట్టి తీసుకెళ్లకూడదు. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావ సమస్య ఉన్నవారు మినహా మిగిలినవారికి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను నమిలి మింగమని వైద్యులు సూచిస్తారు.

పరీక్షలు ఏం చెబుతాయి?

‘ఈసీజీ తీశారు, బాగానే ఉందన్నారు’ అన్న మాట ప్రతి ఇంటా వినిపిస్తుంది. నొప్పి లేని సమయంలో తీసిన ఈసీజీ చాలామంది ఆంజైనా రోగుల్లో మామూలుగానే ఉంటుంది. అది గుండెకు ఇచ్చిన శాశ్వత ధ్రువీకరణ పత్రం కాదు. నొప్పి ఉన్నప్పుడు తీసిన ఈసీజీకి విలువ ఎక్కువ. రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ చెబుతుంది. ఎకో పరీక్షలో గుండె పంపింగ్ శక్తి తెలుస్తుంది. నిలకడగా ఉన్న రోగిని ట్రెడ్‌మిల్‌పై నడిపించి, శ్రమలో ఈసీజీ ఎలా మారుతుందో చూస్తారు. పూడికలు ఉన్నాయా లేవా అన్న అనుమానం తీర్చుకోవడానికి సీటీ యాంజియోగ్రాం ఉపకరిస్తుంది.

మణికట్టు లేదా తొడ వద్ద ధమని ద్వారా సన్నని గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి తీసే యాంజియోగ్రాం పూడిక ఎక్కడ, ఎంత ఉందో చూపుతుంది. అయితే ఇది పరీక్ష మాత్రమే, చికిత్స కాదు. మధ్యస్థంగా ఉన్న పూడిక వల్ల రక్తప్రవాహం నిజంగా తగ్గుతున్నదో లేదో తెలుసుకోవడానికి ధమనిలో పూడికకు ముందూ వెనుకా ఒత్తిడిని కొలిచే పద్ధతి కూడా ఉంది. ఆ నిష్పత్తి 0.80 కంటే ఎక్కువగా ఉంటే ఆ పూడికకు సాధారణంగా స్టెంట్ అవసరం ఉండదు.

మందులే మొదటి మెట్టు

నిలకడ ఆంజైనాకు ప్రపంచవ్యాప్తంగా అనుసరిస్తున్న మార్గదర్శకాల ప్రకారం చికిత్స మందులతోనే మొదలవుతుంది. ఈ మందులు రెండు తరగతులు. ఒకటి నొప్పిని తగ్గించేవి. రెండోది ప్రాణాన్ని కాపాడేవి. నొప్పి పోగానే రెండో తరగతి మందులు కూడా మానేయడమే రోగులు చేస్తున్న పెద్ద పొరపాటు.

నొప్పి వచ్చిన వెంటనే నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర రక్తనాళాలను సడలించి కొద్ది నిమిషాల్లో ఉపశమనం ఇస్తుంది. సార్బిట్రేట్ అన్న పేరుతో ఇది చాలామందికి పరిచయమే. దీన్ని మింగకూడదు. రక్తపోటు ఒక్కసారిగా తగ్గి కళ్లు తిరిగే అవకాశం ఉన్నందున నిలబడి పెట్టుకోకూడదు. కూర్చుని పెట్టుకోవాలి. మెట్లెక్కే ముందు, నొప్పి వస్తుందని తెలిసిన పని చేసే ముందు కూడా వైద్యుడి సలహాపై దీన్ని వాడవచ్చు. లైంగిక సామర్థ్యం కోసం సిల్డెనాఫిల్ వేసుకున్నవారు 24 గంటల వరకు, టడలాఫిల్ వేసుకున్నవారు 48 గంటల వరకు నైట్రేట్ వాడరాదు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. కాబట్టి సంకోచం విడిచి ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి.

రోజూ వాడే మందుల్లో బీటా బ్లాకర్లు ముఖ్యమైనవి. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ వంటివి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది ముడుచుకున్నప్పుడు కాదు, సడలినప్పుడు. వేగం తగ్గితే సడలే వ్యవధి పెరుగుతుంది. అంటే పని భారం తగ్గడం, సరఫరా పెరగడం రెండూ ఒకే మాత్రతో జరుగుతాయి. వీటిని అకస్మాత్తుగా మానేస్తే నొప్పి తిరగబెట్టి గుండెపోటుకు దారితీయవచ్చు. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వారికి డిల్టియాజెమ్, ఆమ్లోడిపిన్ వంటి కాల్షియం చానల్ బ్లాకర్లు ఇస్తారు. వీటితో అదుపు కాకపోతే రానోలజిన్, ఐవాబ్రడిన్, నికోరాండిల్ వంటివి జతచేస్తారు.

ఇక ప్రాణరక్షణ మందుల్లో ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటి స్టాటిన్లు చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించడమే కాక కొవ్వు పొర చిట్లకుండా దాన్ని గట్టిపరుస్తాయి. హృద్రోగుల్లో చెడు కొలెస్ట్రాల్ 70 మిల్లీగ్రాముల కంటే తక్కువగా, వీలైతే 55 లోపు ఉండాలన్నది నేటి లక్ష్యం. ‘కొలెస్ట్రాల్ మామూలుకు వచ్చింది కదా’ అని స్టాటిన్ ఆపడం తగదు. అది మామూలుకు వచ్చింది ఆ మాత్ర వల్లనే. ఈ మందుల్లో చాలావరకు జనరిక్ రూపంలో జన ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి.

డైనమైట్ నుంచి మాత్ర దాకా

ఆంజైనాను తొలిసారి స్పష్టంగా వర్ణించినది ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్. అది 1768వ సంవత్సరం. నడకలో, అందునా ఎత్తు ఎక్కేటప్పుడు, భోజనం చేసిన వెంటనే నడిచినప్పుడు నొప్పి వస్తుందనీ, నిలబడగానే మాయమవుతుందనీ ఆయన గుర్తించారు. శతాబ్దం తర్వాత, 1879లో విలియం మరెల్ అనే వైద్యుడు నైట్రోగ్లిజరిన్‌ను ఈ నొప్పికి మందుగా వాడి ఫలితాలు ప్రకటించారు. ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైట్ తయారీకి వాడినదీ అదే రసాయనం. చివరి రోజుల్లో హృద్రోగం పాలైన నోబెల్‌కు వైద్యులు ఆ పదార్థాన్నే మందుగా సూచించడం చరిత్రలో ఓ వింత.

పారిశ్రామిక నగరవాసులు తెలుసుకోదగిన విషయం మరొకటి ఉంది. డైనమైట్ కర్మాగారాల్లో కార్మికులకు సోమవారం ఉదయం తీవ్రమైన తలనొప్పి వచ్చేది. వారం మధ్యకు వచ్చేసరికి తగ్గిపోయేది. శరీరం ఆ రసాయనానికి అలవాటుపడటం, ఆదివారం సెలవుతో ఆ అలవాటు తప్పడం దీనికి కారణం. నేడు దీర్ఘకాలం పనిచేసే నైట్రేట్ మాత్రలను 24 గంటలూ ఇవ్వకుండా, రోజులో కొన్ని గంటలు ఖాళీ ఉంచుతున్నది ఇందుకే. నిరంతరం వాడితే మందు పని చేయడం మానేస్తుంది. కాబట్టి ‘రాత్రి మాత్ర రాయడం డాక్టరు మరచిపోయారు’ అనుకుని సొంతంగా వేసుకోకూడదు.

స్టెంట్ ఎవరికి?

1977 సెప్టెంబరు 16న జూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అనే వైద్యుడు హృద్ధమనిలోకి చిన్న బెలూన్ పంపి, ఉబ్బించి, ఇరుకు దారిని వెడల్పు చేశారు. అదే తొలి యాంజియోప్లాస్టీ. బెలూన్ తీసేశాక దారి మళ్లీ మూసుకుపోకుండా 1986లో లోహపు జాలీ గొట్టం అమర్చారు. అదే స్టెంట్. ఆ తర్వాత మందు పూసిన స్టెంట్లు వచ్చి, పూడిక తిరగబెట్టే ముప్పును బాగా తగ్గించాయి. మన రాష్ట్ర ప్రజలకు గుర్తుండే విషయం: హృద్రోగ నిపుణుడు డాక్టర్ సోమరాజుతో కలసి శాస్త్రవేత్త ఏపీజే అబ్దుల్ కలాం 1998లో చౌక ధర స్టెంట్‌ను రూపొందించారు. అది ‘కలాం-రాజు స్టెంట్’గా పేరొందింది.

గుండెపోటు వచ్చినప్పుడు స్టెంట్ ప్రాణదాత. ఇందులో రెండో మాట లేదు. అస్థిర ఆంజైనాలోనూ ముప్పు ఎక్కువగా ఉన్నవారికి అది మేలు చేస్తుంది. సందిగ్ధమంతా నిలకడ ఆంజైనా దగ్గరే. ‘పూడిక ఉంది, స్టెంట్ వేస్తే గుండెపోటు రాదు’ అన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. పరిశోధనలు మాత్రం ఆ నమ్మకాన్ని బలపరచలేదు.

2007లో వెలువడిన ‘కరేజ్’ అధ్యయనంలో 2,287 మంది నిలకడ హృద్రోగులను పరిశీలించారు. మందులు మాత్రమే వాడినవారికీ, మందులతో పాటు స్టెంట్ వేయించుకున్నవారికీ మరణాల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. భారతదేశంతో సహా 37 దేశాల్లో 5,179 మందిపై జరిగి, 2020లో ప్రచురితమైన ‘ఇస్కీమియా’ అధ్యయనం కూడా అదే తేల్చింది. అయితే తరచూ నొప్పితో బాధపడేవారికి స్టెంట్ లేదా బైపాస్ వల్ల ఉపశమనం ఎక్కువగా లభించిందని, జీవన నాణ్యత మెరుగైందని వెల్లడించింది. 2023లో వచ్చిన ‘ఆర్బిటా-2’ అధ్యయనంలో 301 మందికి నొప్పి మందులు ఆపించి, కొందరికి స్టెంట్ వేసి, మరికొందరికి వేసినట్లు భ్రమ కల్పించారు. స్టెంట్ వేసినవారిలో నొప్పి నిజంగానే తగ్గింది. అయితే అందరికీ పూర్తిగా పోలేదు.

దీని సారాంశం సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పాలంటే, నిలకడ ఆంజైనాలో స్టెంట్ నొప్పి తగ్గించే సాధనం. ఆయుష్షు పెంచేది, కొత్త గుండెపోట్లను ఆపేది ప్రధానంగా మందులు, జీవనశైలి మార్పులు. మందులు సరిగా వాడినా పని చేసుకోలేనంత నొప్పి ఉంటే స్టెంట్ వేయించుకోవడం సబబు. నొప్పి లేకున్నా, కేవలం యాంజియోగ్రాంలో పూడిక కనిపించిందని ఆదరాబాదరా నిర్ణయం తీసుకోనవసరం లేదు. ఈ అధ్యయనాల ఫలితాలు ఎడమ ప్రధాన ధమనిలో పూడిక ఉన్నవారికి, గుండెపోటు వచ్చినవారికి వర్తించవని గమనించాలి.

స్టెంట్ వేశాక ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి రెండో మందును సాధారణంగా 6 నెలలు, గుండెపోటు తర్వాత అయితే ఏడాది పాటు వాడాలి. పన్ను పీకించుకోవాలనో, చిన్న ఆపరేషన్ ఉందనో మధ్యలో సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదకు వస్తుంది.

బైపాస్ తప్పనిది ఎప్పుడు?

1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనె ఫావలోరో అనే శస్త్రవైద్యుడు కాలి సిరతో హృద్ధమనికి కొత్త దారి వేశారు. రోడ్డు మూసుకుపోతే ఊరి బయట నుంచి బాట వేసినట్లే ఇది కూడా. పూడికను తొలగించరు, దాన్ని దాటించి రక్తాన్ని పంపుతారు. ఛాతీ లోపలి ధమనిని, కాలి సిరను, కొన్నిసార్లు ముంజేతి ధమనిని ఇందుకు వాడతారు. ఛాతీ ధమనితో వేసిన దారి పదేళ్ల తర్వాత కూడా ఎక్కువమందిలో చక్కగా పనిచేస్తుంది. కాలి సిరలు అంతకాలం నిలవడం తక్కువ.

ఎడమ ప్రధాన ధమనిలో పూడిక ఉన్నవారికి, మూడు ధమనుల్లోనూ సంక్లిష్టమైన పూడికలు ఉన్నవారికి, దానితో పాటు గుండె పంపింగ్ శక్తి తగ్గినవారికి బైపాస్ వైపు మొగ్గు చూపుతారు. మధుమేహ రోగుల్లో ఒకటికి మించి ధమనులు పూడినప్పుడు స్టెంట్ల కంటే బైపాస్ వల్లే మరణాలు, గుండెపోట్లు తక్కువని 2012లో వెలువడిన ‘ఫ్రీడమ్’ అధ్యయనం తేల్చింది. మధుమేహులు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం. ‘కోత లేకుండా నాలుగు స్టెంట్లతో సరిపెట్టండి’ అని బంధువులు పట్టుబట్టడం రోగికి మేలు చేయకపోవచ్చు. శస్త్రచికిత్స తర్వాత సాధారణంగా వారం రోజులు ఆస్పత్రిలో ఉండాలి. ఛాతీ ఎముక అతుక్కునేందుకు 2 నుంచి 3 నెలలు పడుతుంది. అప్పటివరకు బరువులు ఎత్తరాదు.

ఉక్కు, రేవు కార్మికులకు ప్రత్యేక జాగ్రత్తలు

బ్లాస్ట్ ఫర్నేసుల వద్ద, కోక్ ఓవెన్ల వద్ద వేడిమిలో పనిచేసేవారి గుండె చర్మానికి అదనంగా రక్తం పంపి శరీరాన్ని చల్లబరచవలసి వస్తుంది. దానికి శారీరక శ్రమ తోడైతే భారం రెట్టింపవుతుంది. సముద్ర తీరపు ఉక్కపోతలో చెమట ఆరక ఈ భారం మరింత పెరుగుతుంది. పైగా నైట్రేట్లు, రక్తపోటు మందులు వాడేవారు నీరు తగ్గితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ఆంజైనా ఉన్న కార్మికుడు తన పనిచోటు వివరాలను దాచకుండా వైద్యుడికి చెప్పాలి. షిఫ్టులు మారే వారంలో మాత్రల వేళలు తారుమారవుతుంటాయి. ఏ షిఫ్టులో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కాగితంపై రాయించుకోవాలి. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో నొప్పిని దాచడం, ఎత్తైన చోట, యంత్రాల నడుమ పనిచేసేవారి విషయంలో తోటివారికీ ప్రమాదమే.

గాలిలోని సూక్ష్మ ధూళి ఊపిరితిత్తులనే కాదు, రక్తనాళాలనూ దెబ్బతీస్తుందని శాస్త్రీయంగా రుజువైంది. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల జాబితాలో విశాఖకు చోటు దక్కడం ఈ సందర్భంలో గమనార్హం. హృద్రోగులు ధూళి ఎక్కువగా ఉన్న రోజుల్లో రద్దీ రోడ్ల వెంట నడకను మానుకోవడం మేలు.

వేటకు వెళ్లే మత్స్యకారులకు ఆస్పత్రి గంటల దూరంలో ఉంటుంది. నొప్పి కొత్తగా పెరుగుతున్నప్పుడు వేటకు వెళ్లరాదు. మందులు తడవని డబ్బాలో వెంట ఉంచుకోవాలి. సముద్రంలో ఆపద ఎదురైతే కోస్ట్‌గార్డ్ 1554 నంబరును సంప్రదించవచ్చు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో మహిళలు నిప్పు వైపు నోట్లో ఉంచుకుని అడ్డచుట్ట కాల్చే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. దానివల్ల అంగిటి క్యాన్సర్ వస్తుందని తెలిసినా, పొగాకు హృద్ధమనులను కూడా బిగుసుకునేలా చేస్తుందన్న సంగతి తెలిసినవారు తక్కువ. చుట్ట అయినా, బీడీ అయినా, సిగరెట్ అయినా మానేస్తే వచ్చే లాభం ఏ మాత్రకూ తీసిపోదు. ఎండుచేపలు, ఊరగాయల్లో ఉప్పు అధికం. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు మించరాదు.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు ఎంత?

ప్రభుత్వ రంగంలో ఉత్తరాంధ్ర జిల్లాలకు పెద్ద దిక్కు కింగ్ జార్జ్ ఆస్పత్రి. ఆంధ్ర వైద్య కళాశాలకు బోధనాసుపత్రి అయిన ఇక్కడ హృద్రోగ విభాగం ఉంది. ఉక్కు ఉద్యోగులకు ఉక్కునగరంలోని విశాఖ స్టీల్ జనరల్ ఆస్పత్రి, రేవు ఉద్యోగులకు సాలగ్రామపురంలోని గోల్డెన్ జూబ్లీ ఆస్పత్రి, ఈఎస్ఐ కార్డుదారులకు మల్కాపురం ఈఎస్ఐ ఆస్పత్రి తొలి సంప్రదింపు కేంద్రాలు. కాంట్రాక్టు కార్మికులు తమ ఈఎస్ఐ నమోదు సక్రమంగా ఉందో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే సరిచూసుకోవాలి.

పేదల కోసం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా అమలవుతున్న పథకం కింద అర్హులకు యాంజియోప్లాస్టీ, బైపాస్ శస్త్రచికిత్సలు నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో ఉచితంగా చేస్తారు. వివరాలకు 104కు ఫోన్ చేయవచ్చు. ఒకప్పుడు మందు పూసిన స్టెంట్ ధర లక్ష రూపాయలు దాటి ఉండేది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ దాని గరిష్ఠ ధరను పన్నులు కాక రూ.29,600గా, మామూలు లోహపు స్టెంట్ ధరను రూ.7,260గా నిర్ణయించింది. ఆ తర్వాత ఈ పరిమితులను ఎప్పటికప్పుడు సవరిస్తున్నారు. బిల్లులో స్టెంట్ పేరు, తయారీ సంస్థ, బ్యాచ్ నంబరు, ధర విడిగా చూపించాలన్నది నిబంధన. అవి అడిగి తీసుకోవడం రోగి హక్కు.

పాడేరు, చింతపల్లి వంటి ఏజెన్సీ ప్రాంతాల నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరేసరికి గంటలు గడుస్తాయి. గుండెపోటులో ప్రతి నిమిషానికీ కొంత కండరం చచ్చిపోతుంది. అందుకే 2023 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో ‘స్టెమీ’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రిలో ఈసీజీ తీసి, పెద్దాసుపత్రిలోని నిపుణులకు పంపి, వారి సలహాపై రక్తపు గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇవ్వడం ఇందులోని పద్ధతి. కాబట్టి నగరం దాకా వెళ్లాలన్న ఆతృతలో దారిలోని ఆస్పత్రిని దాటిపోవడం సరికాదు.

ప్రకటనలు చూసి మోసపోవద్దు

‘ఆపరేషన్ లేకుండా పూడికలు కరిగిస్తాం’ అంటూ కరపత్రాలు కనిపిస్తుంటాయి. కాళ్లకు గాలి సంచులు కట్టి, గుండె కొట్టుకునే లయకు అనుగుణంగా నొక్కే ఈఈసీపీ చికిత్స, స్టెంట్‌కూ బైపాస్‌కూ వీలులేని కొందరిలో నొప్పిని తగ్గించవచ్చు. అంతేకాని పూడికలను కరిగించదు. సెలైన్ ద్వారా రసాయనాలు ఎక్కించి ధమనులను శుభ్రం చేస్తామనే కీలేషన్ చికిత్సను నమ్మి అసలు మందులు మానేయడం ప్రాణాంతకం.

వైద్యుడిని అడగవలసినవి

స్టెంట్ లేదా బైపాస్ సూచించినప్పుడు రోగి కుటుంబం ఈ ప్రశ్నలు తప్పక అడగాలి.

* నాది నిలకడ నొప్పా, అస్థిర నొప్పా? ఇప్పటికిప్పుడు నిర్ణయం తీసుకోవాలా, వ్యవధి ఉందా?
* ఏ ధమనిలో, ఎంత పూడిక ఉంది? ఎడమ ప్రధాన ధమని బాగుందా?
* మందుల మోతాదు పెంచి కొన్ని వారాలు చూసే అవకాశం ఉందా?
* ఈ చికిత్స నొప్పి తగ్గించడానికా, ఆయుష్షు పెంచడానికా?
* నాకు మధుమేహం ఉంది. స్టెంట్ మేలా, బైపాస్ మేలా?
* చికిత్స తర్వాత ఏ మందులు ఎంతకాలం వాడాలి? నెలకు ఖర్చెంత?

నిలకడగా ఉన్న రోగికి యాంజియోగ్రాం సీడీ, నివేదికతో మరో నిపుణుడి అభిప్రాయం తీసుకునే వ్యవధి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. గుండెపోటు వచ్చినవారికి మాత్రం ఆ వ్యవధి ఉండదు. అప్పుడు చర్చలతో కాలయాపన చేయరాదు.

చికిత్స ఏదైనా, అది పూడిక పడిన చోటును బాగుచేస్తుందే కాని పూడిక పడే స్వభావాన్ని మార్చదు. ఒక చోట స్టెంట్ వేసినా, మరో చోట పూడిక పెరుగుతూనే ఉండవచ్చు. రక్తపోటు, చక్కెర అదుపులో ఉంచుకోవడం, పొగాకు మానడం, వైద్యుడు చెప్పిన మేరకు రోజూ అరగంట నడవడం, మందులు జీవితాంతం వాడటం తప్పనిసరి. నడకలో జేబులో నాలుక కింద మాత్ర, మందుల చీటీ ఉండాలి. మెట్లు ఎక్కుతుంటే వచ్చిన నొప్పి కూర్చోగానే తగ్గిందని సంతోషించి ఊరుకోకుండా, ఆ వారంలోనే వైద్యుడికి చూపించుకున్నవారు రేపు మళ్లీ ఆ మెట్లు నిర్భయంగా ఎక్కగలుగుతారు.